గుర్రమూ ఒప్పుకోవాలి

“మీ వాటాదారు బండి దిగిపోయారండీ.”

అవనిగడ్డ నుంచి ఫోనులో వినవచ్చిన ఆ కంఠం ఎవరిదో పోల్చుకోవడానికి నాకు కొంచెం వ్యవధి పట్టింది గాని, మాటలోని భావం గ్రహించడానికి పట్టలేదు. ఈ జన్మలో నేను వాటాదారుగా ఉన్నది ఒకే ఒక ఆస్తికి. అది ఒక జట్కాబండి, దానికి కట్టే ఒక ఆడగుర్రం. నలుగురం కలిసి కొన్నాం. ఇద్దరు ఏనాడో గతించారు. మూడవవారు కూడా వెళ్ళిపోయారన్న సంగతిని ఆయన ధర్మపత్ని నాకు ఆ ఒక్క మాటతో తెలియజేశారు.

“ఎప్పుడమ్మా?” అన్నాను.

“పొద్దున అరుగు మీదికి వెళ్ళే వేళకండీ. బాధపడలేదు లెండి.”

ఆ అరుగును నేను చూశాను. దాని సంగతి తరువాత చెబుతాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా బందరులో ఎందరికి గుర్తుంటుందో సందేహమే. మా వీధిలో ఆయనకు చెల్లిన పేరు “ముందు కూర్చునేవారు”. ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే జట్కా ఎక్కడమన్నది ఎటువంటి వ్యవహారమో ఈనాటివారికి కొంత చెప్పక తప్పదు. జట్కాకు రెండే చక్రాలు. వెనుక బరువెక్కితే గుర్రాన్ని కట్టే నొగలు పైకి లేచి, గుర్రం పొట్ట కింది పట్టీ బిగిసి, పాపం ఆ జంతువు గాలిలోకి తేలిపోతున్నట్టు గింజుకుంటుంది. ముందు బరువెక్కితే భారమంతా దాని వీపున పడి నడక కుంటుపడుతుంది. అందుచేత మనిషి తనకు నచ్చిన చోట కూర్చోవడానికి వీలుండదు. బండికి నచ్చిన చోట కూర్చోవాలి. ఆయనది నిండు విగ్రహం. భుజాలు దూలాల వంటివి. పాదాలు మాత్రం చిన్నవి, మరెవరివో తెచ్చి ఆ దేహానికి అతికించినట్టుండేవి. ఆయన ముందు కూర్చుంటేనే మా బండి సమంగా నిలిచేది. తోలేవాని వెనుకగా ఆయన, ఆయన పక్కన ఆస్పత్రిలో పనిచేసే కాంపౌండరు గారు, వారి వెనుక పెడన కలంకారీ బట్టల వ్యాపారి, చిట్టచివర కాళ్ళు కిందికి వేలాడవేసి, వెళ్ళే దారికి వీపుపెట్టి, వదిలివచ్చిన దారిని చూస్తూ నేను. నేను ఊరి ఆ చివర బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఆయన న్యాయస్థానంలో గుమాస్తా.

అసలు ఆ బండి మస్తాన్‌ది. రోజూ మమ్మల్ని పనులకు చేర్చేవాడు. ఒక వర్షాకాలంలో అతని గుర్రం చచ్చిపోయింది. “రేపట్నుంచి బండి రాదు సార్. వేరే చూసుకోండి,” అని చెప్పి, కళ్ళెం భుజాన వేసుకొని, గుర్రం లేని మనిషిగా నడిచి వెళ్ళిపోయాడు. ఆ దృశ్యం మా నలుగురికీ నిద్రపట్టనివ్వలేదు. గుడివాడలో ఒక జట్కావాడు వృత్తి మానుకుంటూ తన ఆడగుర్రాన్ని అమ్ముతున్నాడని విని, మస్తాన్‌ను వెంటబెట్టుకొని వెళ్ళి కొన్నాం. గోధుమవన్నెది, నుదుట తెల్లని చుక్క. మరమ్మతులు మేమే చేయించాం కనుక బండి కూడా మా నలుగురిదే అయింది. పొద్దునా సాయంత్రమూ మస్తాన్ మమ్మల్ని తిప్పాలి. తక్కిన వేళల్లో బాడుగకు తోలుకొని దాన్నీ తన కుటుంబాన్నీ పోషించుకోవాలి. ఇదీ ఏర్పాటు.

గుడివాడ స్టేషను ఎదుట టీ తాగుతూండగా ఆయన గుర్రం వీపు మీద చెయ్యి వేసి, న్యాయస్థానంలో తీర్పు చదివే ధోరణిలో అన్నారు:

“ఒక కట్టుబాటు ఉండాలండీ. మనలో ఎవరైనా దిగిపోదలిస్తే, తన చోటికి మనిషిని తానే తేవాలి. ఆ మనిషిని తక్కిన ముగ్గురూ ఒప్పుకోవాలి.”

“మస్తాన్ ఒప్పుకోనక్కర్లేదా?” అన్నారు కాంపౌండరు గారు.

“మస్తానూ ఒప్పుకోవాలి. గుర్రమూ ఒప్పుకోవాలి.”

అందరం నవ్వాం. “మరి కాగితం మీద పెట్టుకుందామా?” అని వ్యాపారి అడిగితే ఆయన చెయ్యి ఊపేశారు. “పొద్దస్తమానం కాగితాలే కదండీ నా బతుకు. చేత్తో రాసింది చేత్తోనే కొట్టేస్తారు. నోటితో అన్నదాన్ని ఎవడు కొట్టేస్తాడు?”

మా నవ్వులో మస్తాన్ కలవలేదు. అతను ఆయన ముఖంకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ కట్టుబాటు మాకు వినోదం, అతనికి అన్నం.

ఆయనకు ఒక ఊతమాట ఉండేది: “ముందు ఎక్కండి, ఎక్కాక మాట్లాడుకుందాం.” వీధి మొగలో ఎవరు ఏ కష్టం చెప్పుకోబోయినా, పైఅధికారి తిట్టినా, బిడ్డకు జబ్బు చేసినా, ఆయన నోట వచ్చేది ఇదే. ఎక్కిన తరువాత మాత్రం ఒక్కనాడూ నోరు విప్పేవారు కారు. బండి గూటి బద్దను ఒక చేత్తో పట్టుకొని, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని, గుర్రం చెవుల మధ్యనుంచి కనిపించే రోడ్డును చూస్తూ ఉండేవారు. చిత్రమేమంటే, దిగే వేళకు మన కష్టం సగం చెప్పుకున్నట్టే ఉండేది.

ఎక్కబోయే ముందు రోజూ ఒక చిన్న తంతు జరిగేది. చొక్కా జేబులోనుంచి మూత ఉన్న రేకు డబ్బీ తీసి, దానిలోని బెల్లపుముక్కను అరచేత పెట్టి గుర్రానికి తినిపించేవారు. ఎక్కి కూర్చొని, గొంతు సవరించుకుంటూ గట్టిగా ఒక దగ్గు దగ్గి, “ఊఁ... పదమ్మా,” అనేవారు. అది కదిలేది. మొదట్లో అది ఆయన ముచ్చట. కొంతకాలానికి గుర్రానికి శాసనమైపోయింది. పగలంతా బాడుగలకు మస్తాన్ నాలుక చప్పుడు చాలు దానికి. పొద్దున మా వీధి మొగలో మాత్రం ఆయన ఎక్కాలి, ఆ దగ్గు వినబడాలి. లేకపోతే నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబడేది. కళ్ళెం పట్టి లాగితే ఇంటివైపు తిరిగేది. చర్నాకోల ఎత్తడం మస్తాన్‌కు చేతకాదు.

ఒకసారి ఆయనకు విషజ్వరం తగిలింది. ఆ పొద్దున మేము నడవడానికి సిద్ధపడి నిలుచుంటే, శాలువ కప్పుకొని, కళ్ళు ఎర్రబడి, గోడ పట్టుకుంటూ వచ్చారు. ఎక్కారు. దగ్గారు, ఆ రోజు దగ్గు కోసం ప్రత్యేకంగా ప్రయత్నించవలసిన పని లేకపోయింది. బండి కదిలింది. వీధి మలుపు దాకా వచ్చి, “ఇక అది వెళ్తుంది లెండి,” అని దిగి, మళ్ళీ గోడ పట్టుకుంటూ ఇంటికి నడిచారు. వెనుక కూర్చున్నవాణ్ణి కనుక ఆయన నడిచిన ఆ దూరమంతా నేనే చూశాను.

ఆయన భార్య అవనిగడ్డలో ఉపాధ్యాయిని. ఆమెది ప్రైవేటు యాజమాన్యపు పాఠశాల. బదిలీ అన్న మాటే లేదు. మానుకుంటే అటువంటి ఉద్యోగం మళ్ళీ దొరకదు. కనుక ఆయన శనివారం సాయంత్రం బస్సెక్కి చల్లపల్లి మీదుగా పులిగడ్డ వంతెన దాటి దివిసీమకు వెళ్ళేవారు. సోమవారం తొలి బస్సులో వచ్చి, మాసిన ముఖంతో నేరుగా వీధి మొగకు చేరేవారు. చేతిసంచిలో ఆమె కట్టి ఇచ్చిన గిన్నె ఉండేది. బందరు నుంచి అవనిగడ్డ న్యాయస్థానానికి బదిలీ కావాలని ఆయన అర్జీ పెట్టుకుంటూనే ఉన్నారు. పిల్లలు లేని ఆ దంపతులకు జీవితంలో కావలసినది అంతకన్న ఏమీ లేదు: ఒకే కప్పు కింద ఉండడం.

బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉదయం ఆయన ముఖంలో వెలిగిన వెలుగును నేను మరల ఎన్నడూ చూడలేదు. గుర్రానికి రెండు ముక్కల బెల్లం పెట్టారు. “నా చోటికి మనిషిని తెస్తానండీ,” అన్నారు.

తన కార్యాలయంలో జప్తులు చూసే అమీను గారిని తెచ్చారు; తనంతటి స్థూలకాయుడు. నొగలు చక్కగా సమానమయ్యాయి. మస్తాన్ నాలుక ఆడించాడు. గుర్రం మెడ తిప్పి, దీపస్తంభం పక్కన నిలుచున్న ఆయన్ను చూస్తూ ఉండిపోయింది.

“మీరు కనబడుతున్నారు సార్, అందుకే. లోపలికెళ్ళండి,” అన్నాడు మస్తాన్.

ఆయన ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గుర్రం ఇప్పుడు ఆ తలుపును చూడసాగింది.

తరువాత తపాలా కార్యాలయపు గుమాస్తా ఒకాయన్ను సంపాదించారు. ఆయనకు బరువు చాలదని పక్కన ఇసుకమూట పెట్టించారు. దగ్గు నేర్పించారు. కొన్ని ఉదయాలపాటు ఆ ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చొని ఒకరి దగ్గును ఒకరు సరిదిద్దుకుంటూ ఉంటే, దారినపోయేవారు ఆగి, “ఇంట్లో అందరికీ ఇలాగే ఉందా అండీ?” అని జాలిపడేవారు.

“దగ్గు తగ్గడానికి నా దగ్గర మందుందండీ,” అన్నారు కాంపౌండరు గారు. “దగ్గు పట్టించడానికి లేదు. ఉంటే ఇచ్చేవాణ్ణి.”

పరీక్షదినం రానే వచ్చింది. తపాలా గుమాస్తా దగ్గిన దగ్గుకు మేమే ఉలిక్కిపడి చూశాం, అంత పోలిక. గుర్రం ఆయన చేతిలోని బెల్లం తిన్నది. చేతిని కూడా శుభ్రంగా నాకింది. కదలలేదు.

“బెల్లం మట్టుకు ఒప్పుకుందండీ,” అన్నాడు వ్యాపారి.

ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే వచ్చి, తపాలా గుమాస్తాను దింపి, ఇసుకమూటను తీసి పక్కన పెట్టి ఎక్కారు. దగ్గేంతవరకూ గుర్రం ఆగనేలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. గూటి బద్దను పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

సాయంత్రం మేము ముగ్గురమూ ఒక మాటగా చెప్పాం. “మేమేమీ అనుకోమండీ. మీరు వెళ్ళండి. కట్టుబాటు పెట్టింది మనమే, తీసేసుకునేదీ మనమే.”

“మీరేమీ అనుకోరు, నాకు తెలుసు,” అన్నారాయన. “కానీ రేపు పొద్దున ఇది కదలదు. ఎల్లుండి మీరు వేరే బండి మాట్లాడుకుంటారు. తప్పదు, మీకూ వేళకు వెళ్ళాల్సిన పనులున్నాయి. ఆ తర్వాత దీన్ని అమ్మేస్తారు. అప్పుడు మస్తాన్ ఏం తోలతాడు?”

మస్తాన్ గడ్డి దులుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. ఏమన్నా అంటే ఆయన వెళ్ళిపోవచ్చునన్న భయం అతనిది; అనకపోతే ఉండిపోతారన్న సిగ్గు అతనిదే. గడువు దాటిపోయింది. బదిలీ మరొకరికి వెళ్ళింది.

ఆ ఏడు మాకింకా సెలవులు రాకముందే, తన బడికి దసరా సెలవులివ్వగానే ఆమె బందరు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. మాట మాత్రం పదునైనది. ఆయన వెనుకనే వీధి మొగకు వచ్చి, చెంగు నడుముకు బిగించి నిలబడ్డారు.

“ఏదండీ నా సవతి? ఒకసారి చూసిపోదామని వచ్చాను.”

మస్తాన్ గుర్రాన్ని రెండడుగులు ముందుకు తెచ్చి నిలబెట్టాడు, పెళ్ళిచూపులకు నిలబెట్టినట్టు.

“రంగు బాగానే ఉంది. ఒళ్ళు కూడా నాకంటే మెరుగే. మా ఇంటి బెల్లమంతా ఎటు పోతోందో ఇప్పుడు తెలిసింది,” అని ఆమె నావైపు తిరిగారు. “వారమంతా దీనికి, ఆదివారం నాకు. పంపకం బాగా కుదిరిందండీ, మాస్టారూ!”

ఆయన ముఖం ఎర్రబడింది. “ముందు ఎక్కు. ఎక్కాక మాట్లాడుకుందాం,” అన్నారు.

ఆమె ఎక్కి, తెలియక, ఆయన చోటనే కూర్చున్నారు. ఆయన ఇంకా కిందనే ఉండి డబ్బీ మూత తీస్తున్నారు. ఆమె చెంగు సర్దుకొని, మమ్మల్ని నవ్వించాలని కాబోలు, ఆయన్ను అనుకరిస్తూ గొంతు సవరించుకొని దగ్గి, “ఊఁ... పదమ్మా!” అన్నారు.

గుర్రం కదిలింది.

నేర్చుకున్న దగ్గు కాదది. అన్నేళ్ళ కాపురంలో, వారానికొక్క రోజు చొప్పుననే అయినా, ఆయన గొంతు ఆమె గొంతులోకి ఎప్పుడో వచ్చి చేరింది. తపాలా గుమాస్తా దగ్గులో మేము పోలిక విన్నాం. దీనిలో గుర్రం ఏమి విన్నదో నేను చెప్పలేను. మస్తాన్ పగ్గాలు అందుకునేలోపలే బండి పరుగందుకుంది. ఎదురుగా వీధిలో ఆయన ఒక్కరే మిగిలారు. ఒక చేతిలో మూత, ఒక చేతిలో డబ్బీ. రెండడుగులు మావైపు వేశారు. చెయ్యి ఎత్తారు; మళ్ళీ దించేశారు. చూస్తూండగానే చిన్నవారైపోయి, మలుపులో కనబడకుండా పోయారు.

బండిలో నవ్వులే నవ్వులు. “అమ్మా, వాటా మీ పేర మార్చేస్తాం! అయ్యగారిని రేపే అవనిగడ్డ పంపించేస్తాం!” అన్నారు కాంపౌండరు గారు. ఆమె కూడా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. కొంతదూరం పోయాక ఆమె నావైపు వంగి మెల్లగా అడిగారు.

“మాస్టారూ, గుర్రం ఒప్పుకున్న మనిషి దొరికింది కదా. ఇక ఆయన అక్కడికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి, అక్కడ ఎవరితో ఉంటారు?”

లోకంలో ఆయన్ను విడిపించగల మనిషి ఒక్కరే ఉన్నారని తేలింది. ఎవరికోసం విడుదల కావాలనుకున్నారో ఆ మనిషే. ఆమె ఇక్కడ కూర్చుంటే గాని ఆయన అక్కడికి పోలేరు. “ఆపు మస్తాన్,” అని ఆమె దిగి, వచ్చిన దారినే నడిచి వెళ్ళారు.

ఆ తరువాత ఏ సెలవులకూ ఆమె వీధి మొగకు రాలేదు. ఆయనా మళ్ళీ అర్జీ పెట్టలేదు. “పదమ్మా” అనడం మానుకున్నారు. ఒట్టి దగ్గు మాత్రం మిగిలింది. బెల్లం మాని చూశారు గాని, అది చొక్కా జేబులో మూతి దూర్చి నిలబడేసరికి మర్నాటికి మళ్ళీ డబ్బీ వచ్చింది. ఒక సాయంత్రం తక్కినవారు దిగిపోయాక, ఎక్కినప్పుడు మాట్లాడని ఆ మనిషి నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

“మాస్టారూ, మా కోర్టులో ఎంత పెద్ద శిక్షకైనా గడువంటూ ఉంటుందండీ. నేను కట్టుబాటుకు గడువు పెట్టడం మరిచిపోయాను. ముప్పొద్దులా అదే పనిలో ఉండి కూడా మరిచిపోయాను, చూశారా?”

ఊరిలోకి ఆటోలు వచ్చాయి. వ్యాపారి పెడనకే కాపురం మార్చాడు. అతని చోటికి ఎవరినీ అడగలేదు, అడిగితే వచ్చేవారూ లేరు. కాంపౌండరు గారు కాలంచేశారు. మేమిద్దరమే మిగిలాం, ముందు ఆయన, వెనుక నేను, మధ్య ఇసుకమూట. జట్కాలో వెళ్ళేవారిని చూసి కళాశాల పిల్లలు నవ్వే కాలం వచ్చింది. ఆయన రోడ్డునే చూస్తూ కూర్చునేవారు. గుర్రం ముసలిదై, నుదుటి చుక్క చుట్టూ కూడా తెల్లబడింది.

ఒక ఉదయం మస్తాన్ కాలినడకన వచ్చాడు. భుజాన కళ్ళెం ఉంది. ఆయన అప్పటికే డబ్బీ తీసి పట్టుకొని ఉన్నారు.

“పొద్దున లేవలేదు సార్,” అన్నాడు మస్తాన్. కళ్ళెం ఈ భుజాన్నుంచి ఆ భుజానికి మార్చుకొని, “ఇంక మీరు వెళ్ళొచ్చు సార్,” అన్నాడు.

ఆయన డబ్బీ మూత పెట్టి, మస్తాన్ భుజం మీద చెయ్యి వేశారు. అప్పటికి ఆయన ఉద్యోగ విరమణకు మిగిలిన కాలం బదిలీ అడగడానికి కూడా చాలదు. అవనిగడ్డలో ఆమె తల నెరిసిపోయింది.

ఆయన ఉద్యోగం విరమించి అవనిగడ్డ చేరిన కొన్నాళ్ళకు నేను హంసలదీవి సాగరసంగమ స్నానానికి పోయి, తిరుగుదారిలో ఒక రాత్రి వారింట బస చేశాను. ఉదయం లేచి చూద్దును కదా, ఆయన వీధి అరుగు మీద, చిట్టచివరి అంచున, నిటారుగా కూర్చొని ఉన్నారు. ఒక చెయ్యి అరుగు స్తంభాన్ని పట్టుకొని ఉంది. గొడుగు మోకాళ్ళ మధ్య ఉంది. గొంతు సవరించుకొని దగ్గారు. వేచి చూశారు.

“రోజూ ఇంతేనండీ,” అన్నారామె లోపలినుంచి కాఫీ తెస్తూ. “పొద్దున్నే బండి తోలతారు. మా వీధే ఇంకా కదల్లేదు.”

“ఎక్కడికండీ ప్రయాణం?” అని నేను పరిహాసానికి అడిగాను.

“ముందు ఎక్కండి మాస్టారూ. ఎక్కాక మాట్లాడుకుందాం,” అని ఆయన పక్కన చోటు చూపించారు. నేను అలవాటు ప్రకారం ఆయనకు వెనుకగా, వీపు తిప్పి కూర్చున్నాను. ఇద్దరమూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. చివరకు ఆయన, ఏదీ కదలడం లేదని నిశ్చయించుకున్నట్టు, గొడుగు తీసుకొని లోపలికి లేచారు.

ఆయన పెద్దకర్మ ముగిసిన మర్నాడు అవనిగడ్డ వెళ్ళి ఆమెను పలకరించాను. తిరిగివచ్చేటప్పుడు రోడ్డు దాకా ఆమె నాతో వచ్చారు. షేర్ ఆటో ఒకటి ఆగి ఉంది.

“పెద్దాయనా, వెనక్కెళ్ళి కూర్చోండి. ముందు బరువెక్కువైంది,” అన్నాడు డ్రైవరు. వెనుక బల్ల మీద, వెళ్ళే దారికి వీపుపెట్టి కూర్చోవాలి. ఆ చోటు నాకు కొత్త కాదు.

“ఇక మీరు ఒంటరిగా ఎలా ఉంటారమ్మా?” అని అడిగాను.

“ముందు మీరు ఎక్కండి, మాస్టారూ.”

ఎక్కాను. మరొక మనిషి వస్తే గాని బయలుదేరేది లేదన్నట్టు డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడు. ఎండ మండుతోంది. ఆమె కొంతసేపు చూసి, చెంగు సర్దుకొని, గొంతు సవరించుకొని దగ్గారు. “ఊఁ... పదమ్మా,” అన్నారు.

డ్రైవరు వెనుదిరిగి చూసి, ఆమెకేసి నవ్వి, “సరే మామ్మగారూ, పోనిస్తున్నా,” అని ఆటో కదిలించాడు.

ఆమె రోడ్డు మీద నిలబడి ఉన్నారు. చెయ్యి ఎత్తారు; మళ్ళీ దించేశారు. మలుపు వచ్చేదాకా నేను చూస్తూనే ఉన్నాను.